పాత మారుతి 800కు ఏ చక్రాలు, ఏ విడిభాగాలు: ఇంటి దగ్గర పని చేసుకునేవారికి

"ఈ సైజు ఇప్పుడు రావడం లేదండీ. ఆల్టో టైర్లు వేసేస్తాను, ఏమీ కాదు." పాత మారుతి 800 ఉన్నవాళ్లలో టైరు దుకాణంలో ఈ మాట విననివారు తక్కువ. అక్కడి నుంచి ఆటోనగర్‌కు వెళితే ఇంకో మాట: "పన్నెండు అంగుళాలేమిటి సార్, జెన్ రిమ్ములు వేయండి, బండికి కళ వస్తుంది." ఇంటికి వస్తే కళాశాలలో చదువుతున్న మేనల్లుడి సలహా సిద్ధం: "మామయ్యా, పద్నాలుగు అంగుళాల అల్లాయ్స్." ముగ్గురూ బండి మీద ప్రేమతోనే చెబుతారు. కానీ ముగ్గురిలో ఎవరూ టేపు పట్టుకుని కొలవరు.

1983 డిసెంబరులో మొదటి బండి యజమాని చేతికి వెళ్లింది, 2014 జనవరిలో ఉత్పత్తి ఆగిపోయింది. ఈ మధ్యలో 25 లక్షలకు పైగా అమ్ముడైన కారు కాబట్టి మన ఊళ్లలో ఇంకా చాలా ఇళ్ల ముందు కనిపిస్తూనే ఉంటుంది. మా ఇంటి ముందున్నది 1997 నాటిది, నాన్నగారు కొన్నది. కార్బురేటరు ఇంజను, నాలుగు గేర్లు, పవర్ స్టీరింగ్ లేదు. ఈ బండికి చక్రాలు మార్చాను, మళ్లీ వెనక్కి మార్చాను. విడిభాగాల్లో మంచివీ వేశాను, చవకవీ వేశాను. ఆ అనుభవంతో నా అభిప్రాయం ముందే చెబుతాను: ఇరవై ఏళ్లు దాటిన బండికి మీరు పెట్టదలచిన డబ్బులో మొదటి వాటా చక్రాలకు కాదు, చక్రానికీ బాడీకీ మధ్య ఉండే రబ్బరుకూ ఇనుముకూ పోవాలి. మిగిలిన దానితో చక్రాల సంగతి చూడవచ్చు. అయితే అందరూ ముందు అడిగేది చక్రాల గురించే కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

టైరు మీద ఉన్న లెక్క

ఈ బండికి కంపెనీ ఇచ్చిన సైజు 145/70 ఆర్12. 145 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 70 అంటే టైరు గోడ ఎత్తు ఆ వెడల్పులో 70 శాతం, అంటే 101.5 మి.మీ. 12 అంటే రిమ్ము వ్యాసం అంగుళాల్లో, అంటే 304.8 మి.మీ. గోడ పైనా కిందా రెండుసార్లు వస్తుంది కాబట్టి మొత్తం చక్రం ఎత్తు దాదాపు 508 మి.మీ. మిగతా అన్ని సైజులనూ ఈ 508తో పోల్చి చూడాలి. కొత్త చక్రం ఎత్తు అసలు దానికి 3 శాతం అటూ ఇటూ దాటకూడదన్నది ఈ పనిలో ఉన్నవారు పాటించే లెక్క. అంటే మనకు 493 నుంచి 523 వరకు వెసులుబాటు ఉంది.

ఇప్పుడు దుకాణదారు చెప్పిన ఆల్టో టైరు చూడండి. 145/80 ఆర్12. రిమ్ము మార్చనక్కర్లేదు, ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. కానీ ఎత్తు 537 మి.మీ., అంటే 5.7 శాతం ఎక్కువ. కారు నేల నుంచి 14 మి.మీ.కు పైగా లేస్తుంది. మన కాలనీల్లో వేసే స్పీడ్ బ్రేకర్లకు ఇది వరమే, కాదనను. నష్టం ఎక్కడంటే, ఇంజను అన్నే చుట్లు తిరిగినా బండి 5.7 శాతం ఎక్కువ దూరం పోతుంది. దాదాపు అంతే మేర లాగే బలం తగ్గుతుంది. 796 సీసీ ఇంజను, నాలుగు గేర్లు, నలుగురు మనుషులు, దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ అనుకోండి. మామూలుగా మూడో గేరులో ఎక్కే మలుపు దగ్గర చేయి దానంతట అదే రెండో గేరుకు పోతుంది.

మీటరు కూడా తప్పుతుంది. ముల్లు 80 దగ్గర ఉన్నప్పుడు బండి అసలు పోతున్న వేగం అంతకు ముందు 80 చూపినప్పటి కంటే 5.7 శాతం ఎక్కువ. కిలోమీటర్ల లెక్కా అంతే, తక్కువ చూపిస్తుంది. ఆల్టో టైర్లు వేశాక మైలేజీ పడిపోయిందని బాధపడేవారిని చూశాను. లీటరుకు నిజంగా 18 వస్తున్నా మీటరు లెక్కన 17 అని తేలుతుంది. పాపం కార్బురేటరు విప్పించి ట్యూనింగ్ కూడా చేయిస్తారు.

అయినా ఊళ్లోనే తిరిగే బండికి, 145/70 దొరకడం మరీ కష్టమైన చోట, ఈ ఆల్టో టైరు ఫరవాలేదనే అంటాను. ఒక షరతు మీద: ఒక టైరు మాత్రమే బిగించి, స్టీరింగ్ పూర్తిగా ఎడమకూ కుడికీ తిప్పి, ముందు మడ్‌గార్డు లోపలి అంచుకు ఎంత దూరంలో ఉందో చూడాలి. తర్వాత వెనుక సీటులో ముగ్గురిని కూర్చోబెట్టి వెనుక చక్రం పైన ఖాళీ చూడాలి. నిలిచి ఉన్న బండిలో రెండు వేళ్లు దూరని చోట గుంటలో పడ్డప్పుడు టైరు రాసుకుంటుంది.

ఓమ్ని టైరు కూడా పన్నెండు అంగుళాలదే కదా అని కొందరు దాన్ని వేస్తారు. అది బరువు మోయడానికి చేసిన గట్టి గోడల టైరు. 650 కిలోల పైచిలుకు బరువున్న మారుతి మీద అది వేస్తే ప్రతి గులకరాయీ వెన్నుపూసకు చెబుతుంది. వద్దు.

జెన్ రిమ్ములా, అల్లాయ్ రిమ్ములా

మారుతి జెన్ కారు పదమూడు అంగుళాల ఇనుప రిమ్ములు 800కు వేయడం పాత అలవాటే. రెండింటికీ నాలుగు బోల్టులే, బోల్టుల వలయం వ్యాసం కూడా 114.3 మి.మీ.గా ఒకటే కాబట్టి రిమ్ము నేరుగా కూర్చుంటుంది. చిక్కు టైరు దగ్గర వస్తుంది. జెన్‌కు వచ్చే 145/70 ఆర్13 వేస్తే ఎత్తు 533, అంటే 5 శాతం ఎక్కువ. 155/65 ఆర్13 వేస్తే 532. ఆల్టో టైరుకు చెప్పిన నష్టాలన్నీ ఇక్కడా ఉన్నాయి, పైగా రిమ్ముల ఖర్చు అదనం. 155 వేస్తే స్టీరింగ్ కూడా బరువెక్కుతుంది. పార్కింగ్ చేసేటప్పుడు మా ఆవిడ "ఇది కారా, తిరగలా?" అని అడిగింది, ఆ రిమ్ములు మా ఇంట్లో ఏడాది కూడా ఉండకపోవడానికి సగం కారణం అదే. ఈ మార్గంలో లాభం ఒక్కటే: పదమూడు అంగుళాల్లో టైర్ల ఎంపిక ఎక్కువ. తరచూ హైవే మీద ఖాళీగా తిరిగే బండికి, అదీ తర్వాత వచ్చిన ఐదు గేర్ల మోడల్‌కు అయితే ఆలోచించవచ్చు.

ఇక పద్నాలుగు అంగుళాల అల్లాయ్స్, అంటే అల్యూమినియం మిశ్రమలోహపు రిమ్ములు. చక్రం ఎత్తు పెరగకుండా ఉండాలంటే టైరు గోడ తగ్గించాలి. గోడ తగ్గితే గుంటలో పడ్డ దెబ్బ గాలి మీద కాక నేరుగా రిమ్ము మీద పడుతుంది. ఇనుప రిమ్ము వంగుతుంది, సుత్తితో సరిచేసే మనిషి ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. అల్లాయ్ పగులుతుంది. పగిలిన దాన్ని వెల్డింగ్ చేసి ఇస్తామనేవారూ ఉన్నారు, నేనైతే వేసుకోను. అల్లాయ్ అంటే తేలిక అని అందరూ అనుకుంటారు గానీ, సైజు పెరిగి టైరు వెడల్పయ్యాక మొత్తం చక్రం అసలు ఇనుప చక్రం కంటే బరువుగా తేలడం మామూలే. అందం కోసం తప్పదనుకుంటే పన్నెండు అంగుళాల అల్లాయ్ చూడండి, కంపెనీ సైజు టైరుతోనే వేయండి. వాటికి సరిపోయే నట్లు వేరుగా అడిగి తీసుకోవాలి. ఇనుప రిమ్ము నట్టు అల్లాయ్ రంధ్రంలో సరిగా కూర్చోకపోవచ్చు. కూర్చోని నట్టు దారిలోనే వదులవుతుంది.

ఇంకో జాగ్రత్త. నాలుగు బోల్టుల రిమ్ములన్నీ ఒకటి కావు. స్విఫ్ట్‌ది 100 మి.మీ. వలయం. అది 800కు అసలు ఎక్కదు కాబట్టి దానితో ప్రమాదం లేదు, డబ్బు దండగ తప్ప. ప్రమాదమంతా దగ్గరి కొలతలతో. పాత ఫియట్ ఊనో, పాలియోలది 98 మి.మీ. ఆ బండి ఉన్న ఆసామి 100 మి.మీ. రిమ్ము తెస్తే, కొంచెం బలవంతం చేస్తే ఎక్కినట్టే ఉంటుంది. నట్లు వంకరగా పట్టుకుంటాయి, కొన్నాళ్లకు బోల్టు తెగుతుంది. నాలుగు రంధ్రాల రిమ్ము కొలవడం సులువే: ఒక రంధ్రం బయటి అంచు నుంచి ఎదురుగా ఉన్న రంధ్రం లోపలి అంచు వరకు స్కేలు పెట్టండి. అదే వలయం వ్యాసం. ఆటోనగర్‌కు వెళ్లేటప్పుడు జేబులో టేపు పెట్టుకోవడం సిగ్గుపడవలసిన విషయం కాదు.

పాత రిమ్ములు కొనేటప్పుడు

విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్ పుత్లీబౌలిలోనో రిమ్ములు గుట్టలుగా ఉంటాయి. కంపెనీ సైజు ఇనుప రిమ్ములే మంచివి దొరికితే వాటిని మించిన బేరం లేదు. కానీ అన్నీ వరుసగా ఒకేలా నల్ల రంగు కొట్టి ఉంటే అనుమానించాలి. రంగు కింద ఏముందో దుకాణదారుకు కూడా తెలియకపోవచ్చు.

నేను చేసే పరీక్ష ఇది. రిమ్మును టైరు లేకుండా బండి వెనుక హబ్‌కు (చక్రం బోల్టులు ఉండే దిమ్మకు) బిగించి, హ్యాండ్ బ్రేక్ తీసి, చక్రం గాలిలో ఉండేలా స్టాండు పెట్టాలి. పక్కన ఇటుక నిలబెట్టి, దాని మీద సుద్దముక్క కొన రిమ్ము అంచుకు తగిలీ తగలనట్టు ఉండేలా ఆనించాలి. చేత్తో రిమ్మును మెల్లగా తిప్పాలి. సుద్ద గీత చుట్టూ సన్నగా పడితే మంచి రిమ్ము. ఒక్క చోటే గీత పడి, ఎదురుగా ఖాళీ కనిపిస్తే వంగిన రిమ్ము. నేను తెచ్చిన నాలుగింటిలో ఒకదానికి గీత ఒక జానెడు మేర మాత్రమే పడింది. ఆ జానెడు దగ్గర వేలు పెట్టి చూస్తే అంచు బయటికి వంగి ఉంది, పైన రంగు మాత్రం నిగనిగలాడుతోంది. తిరిగి తీసుకెళితే దుకాణాయన మారు మాట లేకుండా వేరేది ఇచ్చాడు. సుద్ద గీతతో ఎవరు వాదిస్తారు?

టైరు అంచు కూర్చునే గాడిలో తుప్పు పొరలుగా లేస్తున్నా, బోల్టు రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలోకి సాగి ఉన్నా ఆ రిమ్ము తుక్కుకే. మీరే రంగు వేస్తుంటే హబ్‌కు ఆనే ముఖం మీద, నట్టు కూర్చునే గుంటలో రంగు పడనీయకండి. ఆ రంగు నలిగి పల్చబడగానే నట్టు బిగువు పోతుంది.

కొత్త టైరు కొంటే పక్కగోడ మీద నాలుగు అంకెలు చూడండి. 2324 అని ఉంటే 2024లో 23వ వారంలో తయారైందని అర్థం. అరుదైన సైజు కదా, దుకాణంలో ఏళ్ల తరబడి పడి ఉన్న సరుకును అంటగట్టే అవకాశం ఎక్కువ. 69ఎస్ అన్న గుర్తు అయితే ఆ టైరు 325 కిలోలు మోస్తుందని, గంటకు 180 కి.మీ. వేగం తట్టుకుంటుందని. మన బండికి అది ధారాళం. రెండు టైర్లే కొత్తవి వేయగలిగితే వెనుక వేయండి. ఇంజను ముందు చక్రాలనే కదా తిప్పుతుంది అని అందరూ ముందు వేయిస్తారు. కానీ తడిరోడ్డు మీద ముందు చక్రాలు జారితే కాలు తీస్తే బండి చాలావరకు దారికి వస్తుంది. వెనుకవి జారితే బండే తిరిగిపోతుంది.

విడిభాగాల్లో ఏది ఎక్కడ

మార్కెట్‌లో నాలుగు రకాల సరుకు ఉంటుంది. మారుతి పెట్టెలో వచ్చే కంపెనీ సరుకు. కార్ల కంపెనీలకు సరఫరా చేసేవారు తమ పేరుతోనే అమ్మేది, ఉదాహరణకు షాక్ అబ్జార్బర్లలో గాబ్రియెల్, స్టీరింగ్ జాయింట్లలో రాణే. తర్వాత ఊరూ పేరూ లేని లోకల్ సరుకు. చివరిగా తుక్కు బండి నుంచి ఊడదీసినది. కంపెనీ సరుకే వేయాలి అని ఒక్క మాటలో తేల్చేవారితో నేను ఏకీభవించను. బండి ఆగిపోయి పదేళ్లు దాటింది, అన్నీ కంపెనీ పెట్టెలో దొరకవు, దొరికినా అన్నింటికీ అవసరం లేదు.

బ్రేకులకు, స్టీరింగ్‌కు, టైమింగ్ బెల్టుకు మొదటి రెండు రకాలు తప్ప మరోటి ముట్టుకోను. ఒకసారి చవకని లోకల్ బ్రేక్ షూలు వేశాను. చూడటానికి అసలు వాటిలాగే ఉన్నాయి. వానలో తడిశాక మొదటి రెండు బ్రేకులకు అరిచేవి తప్ప పట్టేవి కావు. మూడో నెలలో విప్పి చూస్తే లైనింగు ఒక మూల నుంచి ఇనుము వదిలి లేస్తోంది. మిగిలిన డబ్బు ఎంతో గుర్తు లేదు గానీ ఆ మూల మాత్రం గుర్తుంది.

లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద పట్టుకునే ఇనుప చేయి) రబ్బరు బుష్‌లు, స్ట్రట్ (షాకూ స్ప్రింగూ కలిసి ఉండే భాగం) పైన ఉండే రబ్బరు మౌంటింగులు, ఇంజను మౌంటింగులు మంచివి వేయాలి. ఇవే బండిని కొత్తగా చేసేవి. ముందు చక్రాన్ని గాలిలోకి లేపి, పైనా కిందా పట్టుకుని ఊపండి. కదిలితే బేరింగు గానీ బాల్ జాయింటు గానీ పోయింది. ఎడమా కుడీ పట్టుకుని ఊపితే కదలాడుతుందా, టై రాడ్ ఎండ్ (స్టీరింగ్‌ను చక్రానికి కలిపే కడ్డీ కొన) లేదా స్టీరింగ్ రాక్ చూడాలి. బానెట్ మూలను గట్టిగా నొక్కి వదిలితే ఒకసారి లేచి ఆగాలి. పడవలా ఊగుతూ ఉంటే షాకులు అయిపోయాయి. ఈ మూడు పరీక్షల్లో ఒక్కటి తప్పినా, కొత్త రిమ్ములకు దాచిన డబ్బు ఇటు మళ్లించండి. పాత పన్నెండు అంగుళాల చక్రాలతోనే, కొత్త బుష్‌లూ షాకులూ వేసిన రోజు మా బండి బందరు రోడ్డు మీద నడిచిన తీరు జెన్ రిమ్ములు వేసినప్పుడు లేదు.

తుక్కులోంచి నిశ్చింతగా తెచ్చుకోదగినవి డోరు హ్యాండిళ్లు, అద్దాలు, బంపరు, మీటరు పెట్టె, కార్బురేటరు బాడీ. తేకూడనివి బ్రేకు రబ్బర్లు, హోసులు, షాకులు, బాల్ జాయింట్లు. రబ్బరుకు కిలోమీటర్లతో పని లేదు, ఏళ్లు చాలు అది చెడటానికి.

హెడ్‌లైట్ల గురించి ఒక మాట. 60/55 వాట్ల బల్బుల స్థానంలో 100/90 వేస్తామని చాలామంది అడుగుతారు. రెండు దీపాలకు హైబీమ్‌లో 10 ఆంపియర్ల దగ్గర ఉన్న కరెంటు 16 దాటుతుంది. పాతికేళ్ల నాటి వైరు, స్టీరింగ్ పక్కనున్న స్విచ్ అంత మోయలేవు, కరుగుతాయి. ఎదుటివాడి కళ్లూ పోతాయి. అసలు వాట్ల బల్బులే ఉంచి, బ్యాటరీ నుంచి నేరుగా రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే స్విచ్) ద్వారా వైరింగ్ ఇప్పిస్తే అదే బల్బు ఎంత తెల్లగా వెలుగుతుందో చూడండి.

ఏది ఇంట్లో, ఏది షాపులో

చక్రాలు విప్పి బిగించడం, బ్రేక్ ప్యాడ్లు మార్చడం, ప్లగ్గులు, ఫిల్టర్లు, బ్యాటరీ, రిలే వైరింగ్ ఇంటి ముందే చేసుకోవచ్చు. బ్రేక్ ఆయిల్‌లోని గాలి తీయడానికి పెడల్ తొక్కే మనిషి ఒకరు ఉంటే అదీ చేయవచ్చు. ఆ ఆయిల్ రంగు మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి, లేకపోతే రంగు ఊడుతుంది. టై రాడ్ ఎండ్ మార్చేటప్పుడు పాతది ఎన్ని చుట్లకు ఊడిందో లెక్కపెట్టి, కొత్తది అన్నే చుట్లు ఎక్కించండి. అలైన్‌మెంట్ షాపు దాకా నెమ్మదిగా వెళ్లడానికి అది సరిపోతుంది. స్ట్రట్‌లోని స్ప్రింగు విప్పడం మాత్రం ఇంట్లో వద్దు. నొక్కి పట్టే సాధనం లేకుండా పైనున్న నట్టు విప్పితే అది తుపాకీ గుండులా వస్తుంది. టైరు ఎక్కించడం, బ్యాలెన్సింగ్ కూడా షాపు పనే.

కారుతో వచ్చిన జాకీ చక్రం మార్చడానికి మాత్రమే, దాని కింద మనిషి దూరడానికి కాదు. స్టాండ్లు కొనండి. సిమెంటు ఇటుకల మీద బండి నిలబెట్టేవారిని చూస్తే నాకు గుండె ఆగినంత పని అవుతుంది. అవి నెర్ర విచ్చేముందు చెప్పవు. నట్లను ఎదురెదురుగా బిగించాలి, పానా మీద ఎక్కి తొక్కకూడదు. యాభై, అరవై కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి బిగువు చూడాలి.

చట్టం సంగతి కూడా మరచిపోకండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకొకసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ ఉంటుంది, అప్పుడు ఇన్‌స్పెక్టరు బండి చూస్తాడు. బయటికి పొడుచుకువచ్చిన వెడల్పు చక్రాలతో అక్కడికి వెళ్లకండి. అల్లాయ్స్ వేస్తే బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి.

సైజు మార్చిన వాళ్లలో ఎక్కువమంది మరచిపోయేది స్టెప్నీ. నాలుగు చక్రాలు 533 మి.మీ., డిక్కీలో పాతది 508 మి.మీ. ముందు చక్రం పంక్చరైతే దాన్ని ముందు వేయకండి, రెండు వైపులా ఎత్తు తేడా వల్ల డిఫరెన్షియల్ (రెండు చక్రాలు వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల పెట్టె) ఆగకుండా అరుగుతూ ఉంటుంది. వెనుక చక్రం ఒకటి ఊడదీసి ముందు బిగించి, స్టెప్నీని వెనుక వేసి, దగ్గరలోని పంక్చరు షాపు దాకా నెమ్మదిగా వెళ్లండి. అర్ధరాత్రి రోడ్డు పక్కన, వానలో, రెండు చక్రాలు విప్పి మార్చాక నేను జెన్ రిమ్ములు అమ్మేశాను. మిగతా సగం కారణం అది.